చెరువునాచు కంచం దాకా వచ్చిన కథ

కొంతమంది చిన్నపిల్లల కంట్లో, నల్లగుడ్డు పక్కగా తెల్లగుడ్డు మీద, సబ్బునురగ ఆరినట్టు చిన్న బూడిదరంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఉన్న పిల్లవాడు పగలు అందరితో పాటే ఆడుకుంటాడు. దీపాలు పెట్టే వేళయ్యేసరికి గోడ పట్టుకుని నడుస్తాడు, కంచంలో అన్నం తడుముకుంటాడు. మన పెద్దవాళ్లు దాన్ని రేచీకటి అన్నారు. డాక్టర్లు ఆ మచ్చని బిటాట్ మచ్చ అంటారు. విటమిన్ ఎ చాలక వచ్చే జబ్బు ఇది. ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చెడిపోతుంది. అక్కడిదాకా వచ్చాక చూపు నిలబెట్టడం చాలా కష్టం.

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేవాళ్లకి పెదకాకాని దగ్గర శంకర కంటి ఆసుపత్రి కనిపిస్తుంది.  ఆ దారిలోనే మందుల షాపుల్లో ముదురాకుపచ్చ బిళ్లల సీసా ఒకటి దొరుకుతుంది. దాని పేరు స్పిరులినా. నీరసానికని ఒకరు, షుగరుకని ఒకరు, జుట్టు రాలుతోందని ఇంకొకరు కొంటారు. ఆ బిళ్లలో ఉన్నది నీళ్లలో పెరిగే నాచు. మన దేశంలో దాన్ని తిండిగా నిలబెట్టడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డవాళ్లు జుట్టు గురించి ఆలోచించలేదు. వాళ్ల కష్టం చివరికి వెళ్లి ఆగింది పేదపిల్లల కళ్ల దగ్గర. ఆ కథ తెలిస్తే, ఈ నాచుని మనం ఎందుకు తినాలో, ఎంత తినాలో, ఎక్కడ నమ్మకూడదో కూడా తెలుస్తుంది.

సోడా నీళ్లలో పుట్టిన తిండి

నాచు తినడం ఏ ల్యాబొరేటరీలోనూ మొదలవలేదు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు మెక్సికోలో అడుగుపెట్టినప్పుడు, టెక్స్‌కోకో సరస్సు మీద తేలే నాచుని అక్కడి అజ్టెక్ జనం సన్నటి వలలతో తోడి, ఎండబెట్టి, అచ్చులు చేసి అంగట్లో అమ్మడం చూసి రాసిపెట్టారు. తర్వాతి కాలంలో ఆ సరస్సు నీళ్లని చాలావరకు బయటికి మళ్లించేశారు. సరస్సుతో పాటే ఆ తిండీ మరుగున పడింది.

ఆఫ్రికాలో మాత్రం అది ఆగలేదు. చాద్ సరస్సు ఒడ్డున కనెంబు తెగ ఆడవాళ్లు గుంటల్లో చేరిన పచ్చటి చిక్కటి నీళ్లు తోడి, ఇసుకలో పళ్లెంలా చేసిన గోతుల్లో పోస్తారు. నీళ్లు ఇసుకలోకి ఇంకిపోతాయి, పైన పచ్చటి పొర మిగులుతుంది. అది కాస్త ఆరాక ముక్కలుగా కోసి ఎండబెడతారు. దాన్ని దిహే అంటారు. సజ్జ సంకటిలోకి చేసుకునే పులుసులో ఆ ముక్కలు చిదిమి వేస్తారు. ఫ్రాన్స్ దేశపు వృక్షశాస్త్రవేత్త దాంజియార్ 1940లోనే దీని గురించి రాశాడు. యుద్ధం రోజులు, ఎవరూ పట్టించుకోలేదు. 1964–65లో సహారా యాత్రకి వచ్చిన బెల్జియం శాస్త్రవేత్త జాన్ లియోనార్ చాద్ అంగడిలో ఆ పచ్చటి అచ్చులు చూసి, ఇదేమిటని ఆరా తీశాడు. పరీక్ష చేయిస్తే, ఎండిన నాచు బరువులో సగానికి పైగా మాంసకృత్తులే ఉన్నట్టు తేలింది.

మెక్సికోలోనూ, చాద్‌లోనూ ఆ నీళ్లలో సోడా ఎక్కువ. మన చౌడునేలల మీద తెల్లగా పేరుకునే క్షారం వంటిదే ఆ నీళ్లలోనూ ఉంటుంది. అలాంటి నీళ్లలో మామూలు నాచులు బతకవు. పోటీ లేని చోట స్పిరులినా ఒక్కటీ ఏపుగా పెరుగుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే మిల్లీమీటరులో సగం కూడా ఉండని పచ్చటి దారం, స్ప్రింగులా మెలికలు తిరిగి కనిపిస్తుంది. శాస్త్రం ప్రకారం ఇది మొక్క కూడా కాదు, సూర్యరశ్మితో తన తిండి తానే చేసుకునే బాక్టీరియా. వరిమడిలో నత్రజని కోసం మన రైతులు చల్లే నీలి ఆకుపచ్చ నాచుది కూడా ఈ వర్గమే.

టెక్స్‌కోకో నీళ్ల నుంచి సోడా తీసే కంపెనీ ఒకటి తన కుంటల్లో పట్టిన ఈ నాచుని మొదట్లో అడ్డంకిగా చూసింది. ఫ్రాన్స్ పెట్రోలియం పరిశోధన సంస్థ సాయంతో దాన్నే పంటగా మార్చుకుంది. 1970ల మొదట్లో ప్రపంచంలో మొదటి స్పిరులినా ఫ్యాక్టరీ అక్కడే నడిచింది.

మైసూరులో వెతుకులాట, హైదరాబాద్‌లో సందేహం

మన దేశంలో ఈ కథ మాంసకృత్తుల కోసం మొదలైంది. 1950ల నుంచి 70ల దాకా ప్రపంచమంతా ఒకే బెంగ: పేదదేశాల పిల్లలకి మాంసకృత్తులు చాలడం లేదు, పెరిగే జనానికి మాంసమూ పాలూ సరిపోవు, కొత్త వనరు కావాలి. అమెరికా, జర్మనీ, జపాన్ దేశాల్లో క్లోరెల్లా, సెనెడెస్మస్ వంటి నాచుల్ని తొట్లలో పెంచి చూశారు. 1973లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, సీఎఫ్‌టీఆర్ఐ, జర్మనీ సహకారంతో ఈ పని మొదలుపెట్టింది. సంస్థ శాస్త్రవేత్త ఎల్.వి. వెంకటరామన్, జర్మన్ శాస్త్రవేత్త బెకర్ అక్కడ కలిసి పనిచేశారు.

వాళ్లు మొదట పెంచింది సెనెడెస్మస్. తొట్టిలో బాగానే పెరిగింది. చిక్కు వచ్చింది తీసేటప్పుడు. కంటికి కనపడని ఆ చిన్న కణాలు గుడ్డలో నిలబడవు, వాటిని నీళ్ల నుంచి వేరు చెయ్యాలంటే ఖరీదైన యంత్రం తిప్పాలి. పైగా కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. వేడి డ్రమ్ము మీద ఆరబెట్టి ఆ గోడ పగలగొడితే తప్ప మన కడుపు దాన్ని అరిగించుకోలేదు. పేదపల్లెకి యంత్రమూ కరెంటూ ఎక్కడివి? స్పిరులినాకి ఈ రెండు బాధలూ లేవు. పొడుగు దారాలు కాబట్టి సన్నటి గుడ్డలో వడకట్టవచ్చు. దాని పైగోడ పలచన కాబట్టి ఎండలో ఆరబెట్టి తిన్నా అరుగుతుంది. మైసూరు పరిశోధన నెమ్మదిగా స్పిరులినా వైపు మళ్లింది. ఒక తిండి పల్లెల్లో నిలబడాలంటే అందులో ఎంత బలం ఉందని మాత్రమే చూస్తే చాలదు, పల్లెలో దాన్ని తీసి ఆరబెట్టే వీలు ఉండాలి. ఈ పాఠం నేర్పింది సెనెడెస్మస్.

అదే రోజుల్లో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అసలు లెక్కనే ప్రశ్నించింది. మన ఇళ్లలో తినే అన్నం, జొన్న, పప్పు పిల్లలకి కడుపు నిండా పెడితే మాంసకృత్తుల లోటు చాలావరకు దానంతట అదే తీరుతుందని, మన పిల్లలకి ఉన్నది మొత్తం తిండి లోటు అని డాక్టర్ సి. గోపాలన్ బృందం పరిశోధనలతో చూపించింది. గణాంకశాస్త్రం వైపు నుంచి పి.వి. సుఖాత్మే కూడా అదే చెప్పారు. 1970ల మధ్యకల్లా ఆ మాట ప్రపంచంలో చాలామంది నిపుణులు ఒప్పుకోక తప్పలేదు. ఆకలితో ఉన్నవాడికి నాలుగు ముద్దలు పెట్టకుండా మాంసకృత్తుల పొడి ఇవ్వడం అర్థం లేని పని. ఆ రోజు హైదరాబాద్ అడిగిన ప్రశ్న ఇవాళ్టికీ పాతబడలేదు. అడ్వర్టైజుమెంటులో ప్రొటీన్ అనే మాట కనపడగానే డబ్బు తీసే ప్రతి ఇంటికీ అది తెలియాలి.

మాంసకృత్తుల వాదం బలహీనపడ్డాక నాచు కథ అక్కడితో ముగిసిపోవలసింది. దాన్ని నిలబెట్టింది కంటి మచ్చ.

ఒక గ్రాము, ఒక పిల్లవాడు

పిల్లల్లో విటమిన్ ఎ లోటు మీద జాతీయ పోషకాహార సంస్థ చేసిన పనే ఆధారంగా 1970లో దేశమంతటా కార్యక్రమం మొదలైంది. ఆర్నెల్లకోసారి పిల్లలకి పెద్ద మోతాదు విటమిన్ ఎ ద్రావకం నోట్లో పోస్తారు. ఎన్నో వేల చూపుల్ని కాపాడిన కార్యక్రమం అది. కానీ మందు అందని పల్లెలు ఉంటాయి, పనికి వలసపోయి ఆ రోజున ఊళ్లో లేని కుటుంబాలుంటాయి. రోజూ తినే తిండిలోనే విటమిన్ ఎ దొరికితే ఆ దిగులు ఉండదు. స్పిరులినాలో బీటా కెరోటిన్ బాగా ఉంటుంది. క్యారెట్‌కి నారింజరంగు ఇచ్చేదీ, మునగాకులో ఆకుపచ్చ వెనక దాగి ఉండేదీ అదే. మన ఒంట్లో అది విటమిన్ ఎ అవుతుంది.

మద్రాసులో మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం 1977లో మొదలైంది. దాన్ని నడిపించిన సి.వి. శేషాద్రి అంతకుముందు కాన్పూర్ ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ చెప్పినాయన. పేదవాడికి పనికొచ్చే విజ్ఞానాన్ని పేదవాడి చేతికి అందే ఖర్చులోనే తయారుచెయ్యాలని ఆయన పట్టుదల. పరాయి దేశపు విత్తనం అక్కర్లేదని, వృక్షశాస్త్రవేత్త ఎన్. జీజీ బాయి మధురై చెరువునీళ్లలో దొరికిన స్పిరులినా రకాన్ని వేరుచేసి పెంచారు. సిమెంటు తొట్లు, తినే సోడా, ఉప్పు, వడకట్టే గుడ్డ, ఎండ: పెట్టుబడి అంతే. తమిళనాడు పల్లెల ఆడవాళ్లు దాన్ని నేర్చుకున్నారు. 1990ల మొదట్లో శేషాద్రి బృందం ఆ రాష్ట్రపు పల్లెల్లో సుమారు 5,000 మంది చిన్నపిల్లలకి రోజుకి ఒక్కో గ్రాము స్పిరులినా తినిపించి, బిటాట్ మచ్చలు బాగా తగ్గినట్టు ప్రకటించింది.

పొలంలో కనపడ్డ ఫలితాన్ని ల్యాబొరేటరీ కూడా ఒప్పుకోవాలి. ఆకుల్లో, నాచులో ఉన్న కెరోటిన్ అంతా ఒంటికి పట్టదు, కొంత వృథా అవుతుంది. ఎంత పడుతుందో తేల్చే పని మళ్లీ హైదరాబాద్ మీదే పడింది. జాతీయ పోషకాహార సంస్థలో మెహతాబ్ బామ్జీ, వినోదిని రెడ్డి, వాళ్ల సహచరులు ముందు ఎలుకల్లో, తర్వాత చిన్నపిల్లల్లో పరీక్ష చేసి 1991లో ఫలితాలు అచ్చువేశారు. నాచులోని కెరోటిన్ పిల్లల ఒంటికి బాగానే పడుతోందని, విటమిన్ ఎ కి అది పనికొచ్చే వనరేనని తేలింది. చాద్ అంగడిలో పచ్చటి అచ్చుగా కనపడ్డ తిండికి మన తెలుగు నేల మీద, తార్నాకలో, పిల్లల రక్తపరీక్షలతో ధ్రువపత్రం దొరికింది.

ఆ తర్వాత బామ్జీ చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. ఉద్యోగం ముగిశాక ఆమె మెదక్ జిల్లా నర్సాపూర్ పల్లెల్లో, డంగోరియా ట్రస్టు తరఫున, ఇంటి పెరట్లో ఆకుకూరలు, కూరగాయలు, కోళ్లు పెంచుకోమని ఆడవాళ్లకి నేర్పుతూ పనిచేశారు. నాచుని పరీక్షించి మంచిదన్న శాస్త్రవేత్తే పల్లెకి వెళ్లి పెరడు, తోటకూర, కోడిగుడ్డు గురించి చెప్పారు. ఇందులో వైరుధ్యం లేదు. కంచంలో రకరకాల తిండి ఉండాలి, నాచు అందులో ఒకటి. ఆమె పని మొత్తం చెప్పేది ఇదే.

సీసాలోకి ఎక్కిన నాచు

1990ల్లో పారి అనే కంపెనీ తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా ఊనైయూరులో పెద్ద ఎత్తున స్పిరులినా పెంపకం మొదలుపెట్టింది. అమెరికాలో కాలిఫోర్నియా, హవాయి ఫారాలు అప్పటికే నడుస్తున్నాయి. శుభ్రంగా, పరీక్షలతో, ఎగుమతి నాణ్యతతో పండించడం మంచి పనే. కానీ పేదపిల్లల కంచం కోసం తయారైన తిండి సీసాల్లోకి ఎక్కి, డబ్బున్నవాళ్ల అలమరలోకి చేరింది. సీసా మీద రాసే మాటలు కూడా పెరుగుతూ వచ్చాయి. కంటిచూపుకి పనికొచ్చే ఆహారం కాస్తా అన్ని రోగాలకీ మందు అయిపోయింది.

అందుకని లెక్క సూటిగా చెప్పుకోవాలి. ఎండు స్పిరులినా 100 గ్రాముల్లో సుమారు 57 గ్రాముల మాంసకృత్తులున్నాయి. వినడానికి ఘనంగా ఉంది. కానీ 100 గ్రాములు ఎవరూ తినరు. టేబుల్‌స్పూను పొడి 7 గ్రాములు, అందులో మాంసకృత్తులు 4 గ్రాములు, ఇనుము 2 మిల్లీగ్రాములు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన జాతీయ పోషకాహార సంస్థే 2020లో చెప్పింది. కాబట్టి స్పూను నాచుతో రక్తహీనత పోదు. పప్పు, గుడ్డు, ఆకుకూర, డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్ర, వీటి స్థానం నాచుకి ఇవ్వకూడదు.

శాకాహారులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. బి12 కోసం స్పిరులినా తీసుకొమ్మని చాలామంది చెబుతారు. అందులో ఉన్నది ఎక్కువగా బి12ని పోలిన పదార్థమే తప్ప మన ఒంటికి పనికొచ్చే బి12 కాదని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో చూపించారు. నాచు తింటున్నాం కదా అని పాలు, పెరుగు మానేసి నరాలు పాడుచేసుకోవద్దు.

మన మైదానంలో పెంచాలంటే

గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి నాచు పెంచడం పూర్తిగా కొత్తదేం కాదు. తీరం వెంట రొయ్యపిల్లల హేచరీల్లో పిల్లలకి మేత కోసం నాచుని రోజూ తొట్లలో పెంచుతున్నారు. పశువులకి అజొల్లా పెంచే రైతులూ ఉన్నారు. మధురై దగ్గర ఆంటెన్నా ట్రస్టు పల్లె ఆడవాళ్లతో చేయించిన స్పిరులినా పెంపకాన్ని మన ఊళ్ల సంఘాలు కూడా నేర్చుకోగలవు.

తొట్టి లోతు జానెడు చాలు, ఇంకా లోతైతే అడుగుకి ఎండ అందదు. నీళ్లలో తినే సోడా, ఉప్పు, కొద్దిగా నైట్రేటు, ఫాస్ఫేటు, మెగ్నీషియం, ఇనుము కలుపుతారు. పీహెచ్ 9 దాటి 10 చుట్టూ ఉండాలి. ఆ క్షారమే మిగతా క్రిముల్ని దగ్గరికి రానివ్వదు. రోజుకి నాలుగైదుసార్లు చీపురుతోనో తెడ్డుతోనో కలపాలి, లేకపోతే పైన పేరుకున్న నాచు ఎండకి మాడి, కింద ఉన్నది నీడకి చస్తుంది. నీరు ముదురాకుపచ్చగా చిక్కబడ్డాక తెల్లారుజామునే గుడ్డలో వడకడతారు. మంచినీళ్లతో కడిగి, మూటగట్టి, బరువు పెట్టి నీళ్లు పిండుతారు. చేతికి వచ్చేది గట్టి చపాతీ పిండిలాంటి పచ్చటి ముద్ద. దాన్ని జంతికల గొట్టంలో పెట్టి, శుభ్రమైన గుడ్డ మీద సన్నటి పూసలాగా ఒత్తుతారు. సన్నగా ఉంటేనే ఒక్క ఎండలో లోపలిదాకా ఆరుతుంది. లావుగా ఒత్తితే పైన ఎండి లోపల పులుస్తుంది, వాసన పట్టేస్తుంది. విరిస్తే చిటుక్కుమంటే ఆరినట్టు.

ఈ మైదానంలో జాగ్రత్తలు రెండు ముఖ్యం. ఒకటి ఎండ. స్పిరులినాకి 30 నుంచి 35 డిగ్రీల వేడి ఇష్టం. మే నెల గుంటూరు ఎండకి తొట్టి మీద షేడ్ నెట్ లేకపోతే పంట పోతుంది. రెండోది అంతకన్నా పెద్దది, మందు. పత్తికీ మిర్చికీ ఇక్కడ కొట్టే పురుగుమందు గాలికి దూరం నుంచి కూడా వస్తుంది. తొట్టి చేల పక్కన ఉండకూడదు, పైన కప్పు ఉండాలి. నీళ్లలో సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలుంటే నాచు వాటిని తనలోకి లాక్కుంటుంది. తొట్టి శుభ్రంగా లేకపోతే వేరే నాచులు చేరతాయి, వాటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారుచేస్తాయి. అందుకే చెరువులో తేలే పచ్చదనమంతా స్పిరులినా అనుకుని ఎవరూ తోడి తినకూడదు. గుంటూరు మిర్చిని ఎగుమతికి పంపాలంటే కల్లంలో బూజు పట్టకుండా ఆరబెట్టి, ఆఫ్లాటాక్సిన్ పరీక్ష రిపోర్టు చూపించాలని ఇక్కడి రైతుకి తెలుసు. తినే నాచుకీ అంత పట్టుదలే కావాలి: లోహాలకి, క్రిములకి, నాచు విషాలకి పరీక్ష. కొనేవాళ్లు కూడా ప్యాకెట్టు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారైన తేదీ చూసి, బ్యాచ్ రిపోర్టు అడగాలి.

కంచంలో ఎలా

పొయ్యి మీద మరిగేదాంట్లో వెయ్యకండి. వేడికి కెరోటిన్ కొంత పోతుంది, నాచులో ఉండే నీలిరంగు పదార్థం విరిగిపోతుంది. దించి చల్లారాక కలపాలి. పచ్చి వాసన కొంత ఉంటుంది కాబట్టి ఘాటైన రుచుల్లో అది ఇమిడిపోతుంది. కరివేపాకు కారంలో, నువ్వులపొడిలో, గోంగూర పచ్చడిలో అర స్పూను కలిస్తే తేడా తెలియదు. అన్నంలో నెయ్యో నువ్వులనూనెనో వేసుకుని ఆ పొడి కలుపుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. మజ్జిగలో నిమ్మకాయ, జీలకర్రతో కలుపుకోవచ్చు. పిల్లలకైతే బెల్లం, వేరుశనగపప్పు ఉండల్లో చిటికెడు కలిపి చెయ్యవచ్చు, ఉండలు పొయ్యి దిగాక. పొడిని వెలుతురు తగలని డబ్బాలో గట్టిగా మూతపెట్టి ఉంచాలి.

మొదట పావు స్పూనుతో మొదలుపెట్టి కడుపు ఒప్పుకుంటే పెంచుకోవాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టు జబ్బు ఉన్నవాళ్లు తినకూడదు. రక్తాన్ని పలచన చేసే మందులు వాడేవాళ్లు, ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బులున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే తినాలి. సముద్రపు నాచుల సంగతి వేరు. కిరాణాకొట్టులో దొరికే చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి తీసిందే, మనం జెల్లీల్లో ఎప్పటి నుంచో తింటున్నాం. కానీ ఎండబెట్టిన కొన్ని సముద్రపు నాచుల్లో అయోడిన్ చాలా ఎక్కువ. థైరాయిడ్ ఉన్నవాళ్లు వాటితో జాగ్రత్తగా ఉండాలి.

ఈ కథలో నాకు కనపడేది ఒకటే. నాచుకి విలువ తెచ్చింది దాన్ని మందుగా అమ్మినవాళ్లు కాదు. గుడ్డతో వడకట్టవచ్చా, పేదింట్లో ఎండబెట్టవచ్చా, పిల్లల ఒంటికి పడుతుందా అని ఒక్కొక్కటే అడిగి, తేలినంతే చెప్పినవాళ్లు. నాగార్జున యూనివర్సిటీ పెదకాకాని మండలంలోనే ఉంది. ఇక్కడి వృక్షశాస్త్ర విద్యార్థులు, మహిళా సంఘాలు కలిసి, కప్పు వేసిన నాలుగు తొట్లు కట్టి, ప్రతి విడత పంటనీ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు గోడ మీద అంటించి అమ్మగలిగితే, స్పిరులినా మందుల షాపు అలమర దిగి కారప్పొడి డబ్బాలోకి వస్తుంది. అప్పుడు దాని పక్కన తోటకూర, మునగాకు, గుడ్డు కూడా ఉండాలి. పిల్లల కళ్లని కాపాడేది ఆ మొత్తం కంచమే.